మాస్కో దగ్గర, తండా దూరం

బైండింగు కొట్టు ముందు నుంచి వెళ్తుంటే ఉడికిన మైదా వాసనా కొత్త రెక్సిను వాసనా కలిసి వచ్చాయి. ఆ రెండూ కలిశాయంటే కడప జిల్లాలో ఒక చిన్న పట్నం, అక్కడి శాఖా గ్రంథాలయం వెనక వరండా, వేసవి సెలవులు. ఏటా మే నెలలో బైండరు తన సరంజామా అంతా ఆ వరండాలోనే దించేవాడు. దబ్బనం, పురికొస, గడ్డి అట్టలు, కాలికో గుడ్డ, మూడు ఇటుకల పొయ్యి, దాని మీద సత్తు గిన్నె.

జిగురుకు గ్లాసు మైదా అయితే ఆరు గ్లాసుల నీళ్ళు. ముందు కొంచెం చన్నీళ్ళతో ఉండలు లేకుండా జారుగా కలుపుకుని, మిగతా నీళ్ళు మరిగాక అందులో పోసి, తెల్లదనం పోయి పిండి నిగనిగలాడేదాకా సన్న సెగ మీద కలియబెట్టాలి. దించే ముందు చిటికెడు మైలుతుత్తం. వెయ్యకపోతే వానాకాలానికి అట్టల కింద బూజు, ఆ వెనకే పురుగు. ఎక్కువైతే కాగితం మీద పచ్చటి మరకలు. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నె దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు మెట్ల మీద కూర్చుని ఏ పుస్తకం ఏ అట్టలోకి పోతుందో చూస్తుండేవాళ్ళు.

పరాయి దేశపు కథ పిల్లల చేతికి అందుతుందా లేదా అన్నది ఆ వరండాలోనే తేలిపోయేది. బైండరు చేతికి వెళ్ళింది ఏదైనా గోధుమరంగు రెక్సినులోనే బయటికొచ్చేది, వెన్ను మీద తెల్ల రంగుతో నంబరు. పంచతంత్రమైనా, కిర్గిజ్ గొర్రెల కాపరి కథైనా, గుర్రాల కథైనా అన్నిటిదీ ఒకటే వేషం. తెలిసిన పేరున్న పుస్తకాన్ని పిల్లలు అడిగి మరీ తీసుకుంటారు. పేరే వినని ఊరి పుస్తకానికి అట్ట మీద బొమ్మే దిక్కు. ఆ బొమ్మ పోతే పుస్తకం బీరువాలోనే ముసలిదైపోతుంది.

అందుకని మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చే పిల్లల పుస్తకాల విషయంలో బైండరుకు విడిగా చెప్పాల్సి వచ్చేది. పాత అట్ట పారెయ్యొద్దు. తడిగుడ్డ వేసి నాననిచ్చి, పై కాగితాన్ని మెల్లగా ఊడదీసి, బరువు కింద ఆరబెట్టి, కొత్త అట్ట మీద అంటించు. కోత మిషను జోలికి పోవద్దు. ఈ మాట ఒక ఏడు చెప్పడం మరిచిపోతే ఏమవుతుందో ఆ ఏడు బైండయిన పుస్తకాలు చూస్తే తెలిసేది. ఆ పుస్తకాల్లో బొమ్మ కాగితం అంచుదాకా పరుచుకుని ఉంటుంది. మూడు వైపులా పావు అంగుళం కోసేసరికి గుర్రానికి చెవులు ఉండవు, ముసలమ్మ బుట్టలో పుట్టగొడుగులు సగమే ఉంటాయి.

ఇంకొకటి, పక్క కుట్టు వెయ్యనివ్వకూడదు. ఆ పుస్తకాల ఫారాలు, అంటే మడతపెట్టిన కాగితాల కట్టలు, లోపల దారంతో గట్టిగానే కుట్టి ఉండేవి. ఊడేది అట్టకూ పుస్తకానికీ మధ్య మడత ఒక్కటే. అక్కడ రెండంగుళాల మల్లు గుడ్డ పట్టీ అంటిస్తే చాలు. బైండరుకు అలవాటైన పని మాత్రం పక్కనుంచి దబ్బనంతో పొడిచి కుట్టెయ్యడం. అలా కుట్టిన పుస్తకం నేల మీద పరిస్తే పరుచుకోదు, మూసుకుపోతుంది. పరుచుకోని పుస్తకం చుట్టూ ముగ్గురు పిల్లలు బోర్లా పడుకుని చదవలేరు.

*

అవి మాస్కో నుంచి కడప జిల్లా దాకా ఎలా వచ్చాయన్నది ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అక్కడి ప్రగతి ప్రచురణాలయం వాళ్ళు తెలుగులో అచ్చు వేసేవాళ్ళు. 1982లో పిల్లల పుస్తకాలూ సాహిత్యమూ విడదీసి రాదుగ పేరుతో వేరే ప్రచురణాలయం పెట్టారు. అనువాదం చెయ్యడానికి తెలుగువాళ్ళే అక్కడికి వెళ్ళి కాపురాలు పెట్టారు. బరంపురం వైపు నుంచి ఉప్పల లక్ష్మణరావు, కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి. పుస్తకాల్లో ఆ తెలుగు అంత నేల మీద నిలబడి ఉండటానికి కారణం వాళ్ళే. ఇక్కడ అమ్మకం విజయవాడ విశాలాంధ్ర వాళ్ళది.

విశాలాంధ్ర వ్యాను ఊళ్ళోకి వస్తే హైస్కూలు గేటు దగ్గరో బస్టాండు పక్కనో ఆగేది. మందపాటి అట్ట, రంగుల బొమ్మలు, ధర మాత్రం మరీ తక్కువ. సోవియట్ ప్రభుత్వం భరించేది కాబట్టి కాగితం ఖర్చు కూడా రాని ధరకు అమ్మేవాళ్ళు. రాజకీయం లేకుండా ఆ చౌక లేదు, ఆ సంగతి పెద్దవాళ్ళందరికీ తెలుసు. పిల్లలకు మాత్రం అందులో కనిపించింది మంచూ, కుందేళ్ళూ, కోడికాళ్ళ మీద తిరిగే మంత్రగత్తె గుడిసే.

గ్రంథాలయానికి మాత్రం అవి నేరుగా వచ్చేవి కావు. 1960 చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది, ఏం కొనాలో తేలేదీ అక్కడే. శాఖలో ఉన్నవాళ్ళకు కొనే అధికారం లేదు. మరి ఎలా వచ్చాయంటే, అయ్యవార్లు జీతం రోజున వ్యాను దగ్గర రెండు కొనేవాళ్ళు, ఒకటి ఇంటికి, ఒకటి లైబ్రరీకి. వాటిని విరాళాల కింద రిజిస్టరులో ఎక్కించి, లోపల ఎవరికీ చెప్పని ఒక పేజీ మీద కూడా ముద్ర కొట్టేవాళ్ళు. పుస్తకం పోతే గుర్తుపట్టడానికి ఆ రహస్య పేజీయే ఆధారం.

*

సాయంత్రం ఐదున్నర. దినపత్రికలు చదివే పెద్దల బల్లలు ఒక పక్క, పిల్లల చాప ఇంకో పక్క. చదివి వినిపించడం ఇరవై నిమిషాలు, అంతకు మించి లేదు. ఇరవై నిమిషాల తర్వాత చాప అంచున ఉన్నవాళ్ళు ఒకరినొకరు గిల్లుకోవడం మొదలవుతుంది, కథ ఎంత మంచిదైనా సరే.

పేర్ల సంగతి ముందే చూసుకోవాలి. రష్యన్ కథలో ఒకే కుర్రాడు ఒక చోట ఇవాన్, ఇంకో చోట వాన్యా, వాళ్ళమ్మ పిలిచినప్పుడు ఇవానుష్క. చెప్పకపోతే పిల్లలు ముగ్గురు అన్నదమ్ములనుకుని, మిగతా ఇద్దరూ ఎక్కడికి పోయారని కథ చివరిదాకా వెతుకుతూనే ఉంటారు. చదవబోయే ముందు పలక మీద నాలుగు పేర్లు రాస్తే చాలు, నాలుగు దాటితే గుర్తుండవు. ఎదురుగా ఇంట్లో పిలిచే ముద్దు పేర్లు. పిల్లలకు ఇది కొత్తేం కాదు. రికార్డులో వెంకటసుబ్బయ్య ఇంట్లో సుబ్బడు, వీధిలో చిన్నోడు. చదివే పెద్దమనిషి మాత్రం ఆ పేర్లను ముందు రోజే గొంతెత్తి నాలుగుసార్లు అనుకోవాలి. చదివేవాడు తడబడితే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు మనిషి మీద నుంచి ఆ పేరు మీదికి, పేరు మీద నుంచి ఆ జాతి మీదికి పోవడానికి ఎంతోసేపు పట్టదు.

అర్థాలు ముందే చెప్పడం ఇంకో తప్పు. పొయ్యి మీద పడుకునే సోమరి ఎమేల్యా కథ చదువుతుంటే ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"పొయ్యి మీద పడుకుంటే కాలదా సార్?"

జవాబు చెప్పెయ్యకుండా కాసేపు ఆగితే చాపలోంచే వచ్చేది. నాన్న ఇటుక బట్టీలో పనిచేసే పిల్లవాడు ఒకడు లేచి, "బట్టీ ఆర్పేసినాక మూన్నాళ్ళయినా ఇటికె ఎచ్చగానే ఉంటాది సార్, చలికాలం మావాళ్ళు ఆడనే పండుకుంటారు" అన్నాడు. అంతే, రష్యా పొయ్యి అందరికీ అర్థమైపోయింది. అప్పుడు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించొచ్చు. గదిలో నాలుగో వంతు ఆక్రమించే ఇటుక కట్టడం, ముందు నోరు, పొగ లోపల మెలికలు తిరిగి గొట్టంలోకి పోతుంది, పొద్దున ఒకసారి మండిస్తే రాత్రిదాకా వెచ్చన, పైన అరుగు మీద ముసలివాళ్ళూ పిల్లలూ. ఇదే ముందే చెప్పి ఉంటే ఆ బట్టీ మాట బయటికొచ్చేది కాదు.

టీకి నీళ్ళు కాచే సమోవారు అలా కాదు, దాన్ని చూపించాల్సిందే. హైదరాబాద్ వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా ఇరానీ హోటల్లో చూసి ఉంటే సుళువు. లేకపోతే మధ్యలో బొగ్గుల గొట్టం, చుట్టూ నీళ్ళు, కింద కుళాయి అని బొమ్మ గీయాలి.

అంతకు ముందు చందమామ వేరే దారిలో వెళ్ళింది. గ్రీకు పురాణ కథలకు తెలుగు పేర్లు పెట్టి, తెలుగు రాజుల వేషాలు వేసి ఇచ్చింది. అవి గ్రీసువని తెలియకుండానే ఒక తరం మొత్తం చదివేసింది. ఐదారేళ్ళ పిల్లలకు అదే మేలు, సందేహం లేదు. ఎనిమిదేళ్ళు దాటాక మాత్రం పేర్లూ తిండీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. వాళ్ళకు ఆ వయసులో కొత్తదనమే రుచి.

మనవి ఒకటి, వాళ్ళవి ఒకటి జతగా చదవడం ఎప్పుడూ పనిచేసేది. చేపా చేపా ఎందుకు ఎండలేదు అని వల్లించే పిల్లలకు రష్యా దుంప కథ వినిపిస్తే రెండో పేజీకల్లా పట్టేస్తారు. తాత పట్టుకుని లాగాడు, తాతను అవ్వ పట్టుకుంది, అవ్వను మనవరాలు, తర్వాత కుక్క, పిల్లి, చివరికి ఎలుక. రెండూ గొలుసు కథలే, ఒకటి ప్రశ్నలతో పోతుంది, ఒకటి బలంతో పోతుంది. తెనాలి రామలింగడి పక్కన నస్రుద్దీన్ ఖోజా. పై తరగతుల వాళ్ళయితే గోడ మీది పటం దించి, పంచతంత్రం 6వ శతాబ్దంలో ఇరాన్ వాళ్ళ పహ్లవీలోకి, అక్కడి నుంచి 8వ శతాబ్దంలో అరబ్బీలోకి పోయిన దారిని వేలితో చూపించడం. కరటకుడు, దమనకుడు అనే మన నక్కలు రెండూ ఆ దేశాల్లో వేరే పేర్లతో తిరిగాయనగానే వెనక వరస కూడా ముందుకు జరిగేది.

*

ఆ గ్రంథాలయంలో ఉర్దూ బీరువా కిటికీ పక్కన ఉండేది. ఉర్దూ మీడియం పిల్లలు అటు, తెలుగు పిల్లలు ఇటు. ఎవరూ గీత గీయలేదు కానీ గీత ఉండేది. మాస్కో వాళ్ళు ఉర్దూలోనూ అచ్చు వేసేవాళ్ళు కాబట్టి ఒకే బొమ్మల పుస్తకం రెండు బీరువాల్లోనూ ఉండటం ఒక రోజు ఒక పిల్ల కంట పడింది. ఎలుగుబంటి బొమ్మ. ఒక పుస్తకం ఎడమ నుంచి తెరుచుకుంటుంది, ఇంకోటి కుడి నుంచి. ఇద్దరు పిల్లలు రెంటినీ పక్కపక్కన పెట్టుకుని పేజీకి పేజీ సరిచూసుకుంటూ, ఎలుగుబంటి తేనె తాగేచోట ఇద్దరూ ఒకేసారి ఆగారు. "మీదాంట్లో ఏమంటాండాది?" "ముందు నువ్ చెప్పు." ఆ తర్వాత చాప మీద రెండు భాషల్లోనూ పేజీకొకరు చదవడం అలవాటైంది. ఇది మళ్ళీ చెయ్యాలంటే ఇప్పుడు నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు బాగా పనికొస్తాయి, ఒకే బొమ్మలతో చాలా భారతీయ భాషల్లో వస్తాయి కాబట్టి.

*

పుస్తకం వెనక తేదీ చీటీ అబద్ధం చెప్పదు. ఏ పుస్తకం బావుందిరా అని పిల్లల్ని అడిగితే అయ్యవారికి నచ్చే పేరు చెబుతారు. చీటీ చూస్తే ఏది ఎన్నిసార్లు ఇంటికి వెళ్ళిందో తేదీల ముద్రలతో సహా ఉంటుంది. తాళం వేసిన గాజు బీరువాలో పుస్తకాల చీటీలు ఖాళీ. అవే పుస్తకాలను గోడకు మూడడుగుల ఎత్తున కట్టిన నైలాను తాడు మీద, అట్ట బయటికి కనిపించేలా ఆరేస్తే చీటీ నెలలో నిండేది. తాడు మీద ఇరవై మించి వేస్తే ఒకదాన్నొకటి కప్పేస్తాయి. పదిహేను రోజులకోసారి మార్చాలి. లావు పుస్తకం తాడు మీద వేలాడితే వెన్ను విరుగుతుంది, పల్చటి బొమ్మల పుస్తకాలకే ఆ తాడు.

ఆ చీటీలన్నీ చూసుకుంటూ పోతే తేలిన ఇంకో సంగతి అంత హాయిగా ఉండదు. ఉక్రెయిన్ జానపద కథ ఉంది, ఉజ్బెక్ కథ ఉంది, ఉత్తర ధ్రువం దగ్గర రెయిండీర్లు మేపేవాళ్ళ కథ కూడా ఉంది. పట్నానికి మూడు మైళ్ళలో ఉన్న సుగాలి తండా గురించి పిల్లలు చదవడానికి ఒక్క పేజీ లేదు. మసీదు వీధి ఇంట్లో పొద్దున ఎలా తెల్లారుతుందో చెప్పేది లేదు. మాలపల్లి పిల్ల కథానాయికగా ఉన్నది లేదు. కోడికాళ్ళ గుడిసె తెలిసిన పిల్లలకు, తమ తరగతిలో పక్కన కూర్చున్న పిల్ల ఇంట్లో ఏం మాట్లాడతారో తెలియదు. దీనికి మాస్కోను అనుకుని లాభం లేదు, అచ్చు వెయ్యాల్సింది మనవాళ్ళు.

ఆ లోటు కొంత తీర్చింది డ్రాయింగు కాగితం. నాలుగు పెద్ద షీట్లు మధ్యకు చీల్చి, ఒక్కో సగాన్ని మడిస్తే ముప్పై రెండు పేజీలు. వెన్ను మీద మూడు రంధ్రాలు, నడిమి రంధ్రంలోంచి మొదలుపెట్టి అక్కడే ముడి. హాస్టల్లో ఉండే తండా పిల్ల తీజ్ పండగ గురించి చెబుతుంటే మిగతావాళ్ళు రాశారు. వెదురు బుట్టలో పుట్టమన్నూ ఎరువూ, నానబెట్టిన గోధుమలు, తొమ్మిది రోజులు పెళ్ళికాని ఆడపిల్లలు నీళ్ళు పోస్తూ పాటలు పాడటం, చివర మొలకలను నీళ్ళలో కలపడం. పైన తెలుగు, కింద తెలుగు లిపిలోనే లంబాడీ మాట. రాసింది తీసుకెళ్ళి వాళ్ళ అవ్వకు చదివి వినిపిస్తే, పాట తప్పు రాశారని రెండు పేజీలు కొట్టేయించింది. ఈ దశ వదిలేస్తే మాత్రం ఇలాంటి పుస్తకం చెయ్యకపోవడమే మేలు. ఆ ఇంటివాళ్ళు విని ఒప్పుకోని పండగ పుస్తకంలో పైవాళ్ళ ఊహలే మిగులుతాయి.

ఆ పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కించాల్సి వచ్చినప్పుడు ధర కాలమ్ దగ్గర చిక్కు. తనిఖీకి వచ్చినాయన ధర లేని పుస్తకం పుస్తకమే కాదన్నాడు. డ్రాయింగు కాగితం, దారం కలిపి ఎంతయిందో అంత వేశారు. ఆ ఏడు చీటీ నిండి రెండో చీటీ అంటించిన పుస్తకాల్లో అదొకటి.

తర్వాత్తర్వాత పరిస్థితి కొంత మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి, బంజారా లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు తెలుగు లిపిలో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2008లో హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన సంస్థ అన్వేషి వాళ్ళు దళిత, ముస్లిం ఇళ్ళ బాల్యాల కథలను పిల్లల పుస్తకాలుగా తెచ్చారు. పిల్లల బీరువాలో అలాంటివి ఎన్ని ఉన్నాయో మీ ఊరి లైబ్రరీకి వెళ్ళి చూడండి, ఐదు నిమిషాల పని.

*

ఒక జాతి గురించి ఒకే పుస్తకం ఉంటే ఇబ్బంది. అది జానపద కథే అయితే మరీ. ఆఫ్రికా అంటే సాలీడు కథ ఒకటే చదివిన పిల్లవాడు అక్కడ బస్సులు ఉంటాయంటే ఆశ్చర్యపోతాడు. రష్యా కథలకు ఆ గండం రాలేదు, ఎందుకంటే మంత్రగత్తె గుడిసె పక్కనే బడికి వెళ్ళే పిల్లల కథలూ, అంతరిక్షంలోకి వెళ్ళిన కుక్క సంగతులూ కట్టలుగా ఉండేవి. ఏ జాతివైనా మూడు ఉంటే నిలుస్తుంది. ఒక పాత కథ, ఇప్పటి ఇల్లూ బడీ ఉన్నది ఒకటి, నవ్వించేది ఒకటి. మూడోదే దొరకడం కష్టం. తక్కువ తెలిసిన జాతుల గురించి రాసేవాళ్ళు ఎందుకో ఎప్పుడూ ఏడిపిస్తారు.

బొమ్మలో నల్లటి పిల్లను చూసి ఎవడైనా వెకిలిగా నవ్వితే అక్కడే ఆపి ఉపన్యాసం ఇవ్వడం పనికిరాదు, తాడు మీద ఆ పుస్తకాన్ని ఇక ఎవడూ ముట్టడు. చదవడం ఆపకూడదు. మరుసటి వారం అలాంటి పిల్లే అల్లరి చేసే కథ చదవాలి. నవ్వినవాడే దాన్ని ముందు ఇంటికి తీసుకెళ్తాడు. కథ అయ్యాక నీతి ఏమిటి అని అడగడం మాత్రం ఎవరు కనిపెట్టారో గానీ, ఆ ప్రశ్న వినగానే చాప ఖాళీ.

*

1991లో సోవియట్ యూనియన్ పోయింది, దానితో పుస్తకాలూ ఆగాయి. మిగిలినవాటినే మళ్ళీ మళ్ళీ బైండు చేశారు, కొన్నాళ్ళకు కాగితమే పెళుసెక్కింది. ఈ మధ్య సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళు వాటిలో పిల్లలవి చాలా మళ్ళీ అచ్చు వేశారు. కొనే ముందు ఒక పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి చూడండి, చెయ్యి తీసినా తెరుచుకుని ఉంటే ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చదవగలరు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు 2015 నుంచి ఉంది, నాలుగు స్థాయిల్లో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు. అనువాదాలు రకరకాల వాళ్ళు చేస్తారు కాబట్టి అన్నీ ఒకలా ఉండవు. ముందు గొంతెత్తి ఒక పేజీ చదివితే నాలుక ఎక్కడ తట్టుకుంటుందో తెలిసిపోతుంది, అలాంటిది పక్కన పెట్టెయ్యండి. అమెరికాలో మనవలకు తెలుగు పుస్తకాలు పట్టుకెళ్ళే అవ్వాతాతలు కూడా రామాయణంతో పాటు ఇలాంటివి రెండు పెట్టెలో వేసుకోవచ్చు. అక్కడి బడిలో పక్కన కూర్చునే మెక్సికో పిల్లవాడి పండగ కథ తెలుగులో దొరికితే ఇంకా మంచిది.

పిల్లవాడికి ఇచ్చి చదువు అనకండి. మొదటి మూడు పేజీలు మీరే చదివి, కథ కాస్త చిక్కున పడ్డ చోట ఆపి, పుస్తకాన్ని అక్కడే వదిలేసి వేరే పని చూసుకోండి. భోజనాల వేళకు ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఎంత పిలిచినా లేవరు.